మేకల పిల్ల సినిమాలో తుడిచేసిన మాట

తుడిచింది మీరే. హైదరాబాదులో చల్లటి గదిలో కూర్చుని, చెవులకు డొప్పలు తగిలించుకుని, ఒక మనిషి మాటను చెత్త అనుకుని తుడిచి పారేసింది మీరే. పాత బొమ్మల సినిమాను డిస్కు చేసి, పెట్టె మీద బంగారు అక్షరాలు వేయించుకున్నారు. లోపలి పుస్తకంలో ‘గొంతు: అజ్ఞాత మహిళ’ అని రాశారు. ‘తెలుగు కథనం: మా రచనా బృందం’ అని కూడా రాసుకున్నారు. ఎవరికి అజ్ఞాతం? నంద్యాలలో నలభై ఏళ్లు దాటిన ఏ మనిషిని రోడ్డు మీద ఆపి అడిగినా చెప్పేవాడు. మీరు అడగలేదు. అడగకుండా అచ్చేశారు. అందుకని ఇప్పుడు కూర్చుని వినండి.

హమీదాబీ ఆళ్లగడ్డలో దిండ్లు కుట్టి అమ్ముతుంది. అరవై నాలుగేళ్లు. బస్టాండు నుంచి నాలుగు అడుగులేస్తే ఆమె అంగడి. చేత్తో నొక్కి చూసి ఇది మంచి దూది, ఇది మిల్లు చెత్త అని చెప్పేస్తుంది. మనుషులను కూడా ఇంచుమించు అట్లాగే చెప్పేస్తుంది. ఎవరికీ భయపడే రకం కాదు. భర్త పోయి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో ఒక్కరోజు కూడా ఆమె అంగడి మూసింది లేదు, మొదటి మూడు రోజులు తప్ప.

ఒక ఆదివారం పొద్దున కూతురు నౌషీన్ నంద్యాల నుంచి బస్సు దిగి వచ్చింది. అక్కడ బడిలో టీచరు. చంకలో ల్యాప్‌టాప్, చేతిలో మెరిసే పెట్టె.

“ఏందే అది, స్వీట్ల డబ్బానా?” అంది హమీదాబీ సూది నోట్లోంచి తీసి.

“స్వీట్లు కాదుమా. నువ్వే.”

“నేనా? అంత సన్నంగా ఉండానా నేను?”

నౌషీన్ నవ్వి పెట్టె విప్పింది. దాని మీద కొండ, కొండ కింద ఎర్ర గౌను పిల్ల, పిల్ల చుట్టూ ఏడు మేకలు. ‘మేకల రాణి. డెబ్బై ఏళ్ల అపురూప బొమ్మల చిత్రం. మళ్లీ మీ ఇంటికి, మొట్టమొదటి తెలుగు మాటలతో’ అని ఉంది. ల్యాప్‌టాప్‌కు డిస్కు తిప్పే చిన్న మిషను తగిలించి, పరుపుల దొంతర మీద పెట్టి ఆన్ చేసింది.

బొమ్మ వచ్చింది. ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. ఆ వెనక ఒక ఆడగొంతు, పడుచు గొంతు, గట్టిగా, వెనకనుంచి ఎవరో తరుముతున్నట్టు:

“ఇంగ వినండి. కొండ కింద ఒక పిల్ల ఉండాది. దానికి తల్లీ ల్యా, తండ్రీ ల్యా. ఏడు మేకలుండాయి, ఒక అవ్వ ఉండాది. అంతే దాని సంసారం.”

హమీదాబీ చేతిలో దిండు అట్లాగే ఉండిపోయింది. తర్వాత పెద్దగా నవ్వింది.

“అబ్బబ్బా, ఏం అరిసినానే నేను! మైకు ఎందుకు పెట్టినాడో వెంకటేషు. మైకు లేకున్నా బనగానపల్లె దాకా ఇనపడును.”

ఆ గొంతు ఎట్లా వచ్చిందో చెప్పాలి. ముప్పై రెండేళ్ల కిందట హమీదాబీ కాపురం నంద్యాలలో. భర్త దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. వాళ్ల ఇంటి పక్కనే వెంకటేష్ వీడియో అంగడి. క్యాసెట్లు బాడుగకు ఇచ్చేవాడు, లోపల బెంచీలు వేసి టీవీలో సినిమాలు చూపించేవాడు. ఒకసారి క్యాసెట్ల మూటలో ఈ బొమ్మల సినిమా వచ్చింది. ఏదో చలిదేశంలో తీసింది. అందులో మాట్లాడేది ఏ భాషో వెంకటేష్‌కు తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. పిల్లలు అరగంట చూసి లేచిపోతుంటే, అయిదేళ్ల నౌషీన్‌ను ఎత్తుకుని వాకిట్లో నిలబడిన హమీదాబీ, “ఉండండ్రా, నేను జెప్తా” అని మొదలుపెట్టింది. బొమ్మ చూసి కథ అల్లింది. పిల్లలు లేవలేదు. మరునాడు పిల్లలతో పాటు వాళ్ల అమ్మలు వచ్చారు. వారానికి నిలబడడానికి చోటు లేదు.

వెంకటేష్ దగ్గర క్యాసెట్టు మీద బొమ్మ అట్లాగే ఉంచి మాటలు మాత్రం మార్చే మిషను ఉండేది. అక్క మాటలు ఎక్కిద్దామన్నాడు. అంగడిలో చేస్తే బస్సుల హారన్లు పడుతున్నాయి, గోడలు మాటను తిప్పికొడుతున్నాయి. అప్పుడు దూది గదిలోకి మార్చారు. నాలుగు పక్కలా పైకప్పు దాకా దూది మూటలు. అందులో కూర్చుని మాట్లాడితే మాట మాటలాగే ఉంటుంది. ఒకటే ఇబ్బంది. గడివేములలో పెండ్లికి పరుపులు ఇయ్యాలి, పని ఆపడానికి లేదు. ఆయన ఒక మూల దూది ఏకుతూనే ఉన్నాడు, ఈమె ఇంకో మూల టీవీ ముందర కూర్చుని చెబుతూనే ఉంది. అందుకే ఆ క్యాసెట్టు నిండా దూది ఏకే విల్లు నారి మోత. టుయ్యి, టుయ్యి, టుయ్యి.

ఆ క్యాసెట్టు కాపీలు గడివేముల పోయాయి, బనగానపల్లె పోయాయి, జూపాడు బంగ్లా దాకా పోయాయి. వాటిలో ఒకటే మీ చేతికి చిక్కింది. పిల్లలు మేకలు తోలుకుంటూ ఆ మాటలే అనేవాళ్లు.

నౌషీన్ పుస్తకం తెరిచి చదివింది. “చూడుమా. ‘నేపథ్యంలో అరుదైన జానపద తంత్రీవాద్యం వినిపిస్తుంది’ అంట.”

“వాద్యమా?” హమీదాబీ పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వింది. “పరుపు దూది ఏకే చప్పుడు వాద్యమంట! మీ నాయన వింటే విల్లుకు పూలు జుట్టును.”

అప్పటిదాకా ఆమెకు కోపం లేదు. అజ్ఞాత మహిళ అన్న చోట కూడా, “పోనీలే, వాళ్లకేం తెల్సు” అంది. గర్వంగానే ఉంది. ఇరుగు పొరుగు వచ్చి అంగట్లో నిలబడి వింటున్నారు. ఆమె దిండు కుట్టడం మానేసి నడుము నిటారుగా పెట్టి కూర్చుంది.

కొండరాజు మేకలను రాళ్లు చేసే చోటు వచ్చింది. ఎర్ర గౌను పిల్ల ఏడు రాళ్ల ముందు నిలబడింది. నారి మోత ఆగింది. హమీదాబీ ముందుకు వంగింది. ఏమీ లేదు. ఒక రెప్పపాటు ఉత్త నిశ్శబ్దం. ఆ తర్వాత ఆమె గొంతే, “ఉండాది, ఉండాది. అది రాయైనా దాని కడుపులో పిల్ల రాయి గాల్యా. చెవి పెట్టి ఇను” అంది. బొమ్మలో పిల్ల ఒక్కో రాయికీ చెవి ఆనించింది.

“ఆపు,” అంది హమీదాబీ. “ఎనక్కి తిప్పు.”

తిప్పింది. మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ “ఉండాది, ఉండాది.”

“ఏడి ఆయప్ప?”

“ఎవరుమా?”

“మీ నాయన. ఈడ అడిగినాడు గదా. పని ఆపి అడిగినాడు. ‘ఏమ్మే, ఆ మేకల్లో సూడి మేక ఏమన్నా ఉండాదా?’ అని. ఆ మాట అడిగినాడు కాబట్టే నేను ఉండాది అంటిని. నాకప్పుడు ముందు కథ ఏమీ తోచల్యా. రాళ్లైపోయినాయి, ఇంగ ఏం జెప్పాల? ఆయప్ప అడిగినాంక దొరికింది దారి. కడుపులో పిల్ల గుండె కొట్టుకుంటాంది, ఎర్రగౌను పిల్ల చెవి పెట్టి విన్నాది, మేకలు లేసినాయి. సగం కథ ఆయప్పదే.”

నౌషీన్ పుస్తకంలో వెతికింది. “‘ఉండాది, ఉండాది అన్న కవితాత్మకమైన పునరుక్తి మా రచయితల ప్రత్యేకత’ అని రాసినారు.” పేజీ తిప్పింది. “చివర్లో ‘అనవసర శబ్దాలు తొలగించాం’ అని కూడా ఉంది.”

హమీదాబీ దిండు పక్కన పెట్టింది. భర్తది ఇంకెక్కడా గొంతు లేదు. ఆయన ఫోనులో కూడా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఈ లోకంలో ఆయన గొంతు మిగిలి ఉంది ఆ ఒక్క ప్రశ్నలోనే. దానికి వాళ్లు పెట్టిన పేరు అనవసర శబ్దం.

“వెంకటేషుకు ఫోన్ కొట్టు,” అంది.

వెంకటేష్ ఇప్పుడు ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. సంగతి విని, “అక్కా, మొదటి క్యాసెట్టు నా తానే ఉండాది. బూజు పట్టింది గానీ తుడుస్తా. ఇంగో మాట ఇను. డిస్కులు మనూర్లోనే ఎక్కువ అమ్ముడుబోయినాయంట. కంపెనీవోళ్లు వచ్చే ఆదివారం నంద్యాలకు వచ్చి సభ పెడతాండారు. పెద్ద తెర మీద సినిమా. వస్తావా?”

“రాకుండా యాడికి బోతా? నువ్వు ముందు ఆ బూజు సంగతి చూడు.”

ఆ ఆదివారం పదింటికల్లా కల్యాణమండపం నిండిపోయింది. చిన్నప్పుడు బెంచీల మీద చూసినవాళ్లు వాళ్ల పిల్లలను తెచ్చుకున్నారు. హమీదాబీ కూతురితో రెండో వరుసలో కూర్చుంది. వెంకటేష్ తెర పక్కన, సంచిలో పాత వీడియో మిషను పెట్టుకుని.

కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి పేరు హిమజ. ముప్పై ఏళ్లుంటాయి, చక్కటి చీర, చేతిలో కాగితం. మైకు పట్టుకుని చదివింది.

“ఈ చిత్రం అసలు ముగింపు మీలో చాలామందికి తెలియదు. అసలు చిత్రంలో చివర మేకల పిల్లకీ కొండరాజు కొడుక్కీ పెళ్లి జరుగుతుంది. మన తెలుగు మాటల్లో పెళ్లి లేదు. ముసలమ్మ చనిపోతుంది, ఆ అమ్మాయి రాజకుమారుణ్ణి కాదని మేకలతో ఇంటికి వెళ్లిపోతుంది. ఇంత సాహసంగా ముగింపు మార్చిన ఘనత మా రచనా బృందానిది!”

చప్పట్లు మొదలయ్యేలోగా రెండో వరుసలోంచి పెద్ద నవ్వు.

“అది పెండ్లా!”

అందరూ తిరిగారు. హమీదాబీ లేచి నిలబడి ఉంది.

“ఓ పాపా, నిజంగా పెండ్లేనా? తెల్లకోకలో?”

“అవునమ్మా. ఆ దేశాల్లో పెళ్లికూతురు తెల్ల బట్టలే వేసుకుంటుంది,” అంది హిమజ అయోమయంగా.

“నాకేం తెల్సు? మాకు పెండ్లంటే ఎరుపు, తెలుపు చావుకు. పిల్ల తెల్లబట్ట కట్టుకునె, మొగం మీద ముసుగేసుకునె, గంటలు కొడ్తాండారు, అందరూ పూలు పట్టుకుని నిలబడుకోనుండారు. దానికి ముందు బొమ్మలో అవ్వ మంచం మీద పండుకోనుండాది, కళ్లు మూసుకోని. ఇంగేమనుకుంటా? అవ్వ పాయ అనుకున్నా. అవ్వ పోయిన దినం ఏ పిల్లయినా పెండ్లి చేసుకుంటాదా? పో నాయనా అని రాజుకొడుకును తరిమేసినా.” ఆమె జనం వైపు తిరిగింది. “మీ రచనా బృందం కాదు పాపా. తప్పు చేసింది నేను. నేనొక్కదాన్నే ఈ తప్పు చేయగలిగింది.”

మండపం ఒక్కసారిగా నవ్వింది. ఆ తర్వాత ఎవరో వెనక నుంచి అరిచారు: “ఆ గొంతే! ఆయమ్మదే!” చప్పట్లు ఈసారి ఆగలేదు.

హిమజ కాగితం మడిచింది. “అమ్మా, మీరే చెప్పారనడానికి ఆధారం ఉండాలి కదా. డిస్కులో మాటలు ఒకసారి చెప్పి చూపిస్తారా?”

“చెప్పలేను.”

“చూశారా...”

“ఏం చూసేది? నేను ఒకసారి చెప్పినట్టు ఇంగోసారి చెప్పేదాన్ని కాదు. అవే మాటలు మళ్లా చెప్తే దాన్ని పాఠం అంటారు. ఇప్పుడు బొమ్మేస్తే ఇప్పుడు ఇంగోరకంగా చెప్తా. కావాలంటే పొద్దుగూకే దాకా చెప్తా.”

“మరి చట్టం ప్రకారం చూస్తే, ఆ రోజు మీరు అనుమతి లేకుండా చేసింది దొంగ క్యాసెట్టమ్మా. దానికి పేర్లు వేయడం కుదరదు.”

“దొంగదైతే మీ బంగారు పెట్టెలోకి ఎట్లొచ్చింది?”

హిమజ మడిచిన కాగితాన్ని మళ్లీ మడిచింది. అమ్మేటప్పుడు అపురూపం, పేరడిగేటప్పుడు దొంగది. ఈ లెక్క హమీదాబీకి కొత్త కాదు. పరుపు కొన్నవాడు కుట్టినవాడి పేరు అడగడని ఆమెకు తెలుసు. కానీ పరుపు కొన్నవాడు నేనే కుట్టానని ఊరంతా చెప్పుకోడు.

“వెంకటేషూ, ఎయ్యి,” అంది.

వెంకటేష్ అప్పటికే తీగలు తగిలించాడు. తెర మీద గీతలు గీతలుగా పాత బొమ్మ వచ్చింది. రంగులు వెలిసిపోయి ఉన్నాయి. పిల్ల, ఏడు రాళ్లు. టుయ్యి టుయ్యి మోత. మోత ఆగింది. మండపం మొత్తానికి వినపడేట్టు ఒక మగగొంతు, దూది నుసికి కొంచెం బొంగురుపోయింది, పనిలోంచి తలెత్తి అడిగిన గొంతు:

“ఏమ్మే, ఆ మేకల్లో సూడి మేక ఏమన్నా ఉండాదా?”

“ఉండాది, ఉండాది...”

నలభై దాటినవాళ్లందరూ ఆ ప్రశ్న తెర కంటే ముందే పెదాలతో అన్నారు. వాళ్లకు ఆ ప్రశ్న లేని సినిమా తెలియదు. మూడు వారాలుగా ఇంట్లో డిస్కు పెట్టుకుని, ఏదో తక్కువైంది, ఏం తక్కువైందని తలలు గోక్కుంటున్నవాళ్లకు ఇప్పుడు తెలిసింది. హమీదాబీ తెర వైపు చూడలేదు. కళ్లు మూసుకుని విన్నది. నౌషీన్ ఏడుస్తూ ఉంటే, “గమ్మునుండు, ఇననీ” అంది.

హిమజ మైకు కిందికి దించి, మామూలు గొంతుతో అడిగింది. “ఆయన ఎవరమ్మా?”

“నౌషీను వాళ్ల నాయన.”

“పేరు?”

హమీదాబీ నోరు తెరిచి మూసింది. వాళ్ల ఇండ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో చెప్పరు. నలభై మూడేళ్లలో ఆమె చెప్పలేదు. రేషన్ కార్డుకు, బ్యాంకుకు, ఆస్పత్రిలో చివరి రోజున కూడా పక్కవాళ్లే చెప్పారు. నౌషీన్ చెప్పబోయి లేచింది. హమీదాబీ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. వేదిక ఎక్కింది. హిమజ చేతిలోంచి మైకు తీసుకుంది.

“పేరు చెప్పకపోతేనే గదా తుడిచేస్తిరి,” అంది. “రాసుకో పాపా. దాదా ఖలందర్. దూది ఏకేటోడు, దాదా ఖలందర్. నా మొగుడు.”

మైకులో ఆ పేరు మండపం చివరి దాకా పోయింది. ఆమెకు సిగ్గు కలగలేదు. కలుగుతుందేమోనని ఒక క్షణం ఆగి చూసుకుంది కూడా. లేదు. రెండోసారి అంది. “దాదా ఖలందర్.”

అప్పుడు నిర్వాహకులెవరో శాలువా పట్టుకుని పరుగున వచ్చి ఆమె భుజాల మీద వేశారు. ఫోటోలు తీయడానికి ఫోన్లు లేచాయి. హమీదాబీ శాలువా అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

“పాలిస్టరు,” అని మడిచి హిమజ చేతిలో పెట్టింది. “దీన్ని కప్పి పంపిస్తే మాట అణిగిపోతాదనుకోవద్దు.”

“అమ్మా, నేను చిన్న ఉద్యోగిని. ఆఫీసులో మాట్లాడి చెబుతాను. మీకు పారితోషికం ఏమైనా...”

“దుడ్లు నేనడిగినానా? దిండ్లు కుట్టుకుంటాండా, తింటాండా. నువ్వు మంచిపిల్లవే. ఆ కాగితం ఎనక్కి తిప్పు, నేను జెప్పింది రాయి. రాసి మీ ఆఫీసులో పెద్దోళ్ల ముందర పెట్టు. ఈడ ఇంతమంది విన్నారు, ఒక్క మాట తగ్గినా తెలుస్తాది.”

హిమజ ‘రచనా బృందం’ అని అచ్చయి ఉన్న కాగితం వెనక్కి తిప్పి, పెన్ను తీసింది. హమీదాబీ నిలబడి చెప్పింది. జనం లేచి నిలబడి విన్నారు. వాళ్లు అక్కడ నిలబడి విన్నది ఇక్కడ మీకోసం రాసి ఉంది. చదువుకోండి, చేయండి.

ఇంకొక్క డిస్కు కూడా అచ్చు కాకముందే దాదా ఖలందర్ ప్రశ్నను తుడిచిన చోటే తిరిగి పెట్టండి. బొంగురుతో సహా. సినిమా మొదలయ్యే ముందు, నల్ల తెర మీద, తెలుగు అక్షరాల్లో, నెమ్మదిగా చదివే ముసలివాళ్లు కూడా చదువుకునేంత సేపు నిలిపి, ‘కథ చెప్పింది హమీదాబీ. కథ మలుపు తిప్పింది, దూది ఏకింది దాదా ఖలందర్. ఎక్కించింది వెంకటేష్’ అని వేయండి. మీ రచనా బృందం పేరు కొట్టేయండి. ఇప్పటికే అమ్మిన పెట్టెలను వెనక్కి తీసుకుని, ప్రతి ఇంటికీ కొత్తది పంపండి. మొదటిది ఆళ్లగడ్డకు పంపండి, దిండ్ల అంగడికి, ఈ నెలలోనే.